ఫాయిల్ ఎవరు, మఫూల్ ఎవరు? ఒక జబర్, ఒక పేష్ చెప్పే తారీఖ్



మన ఇళ్లల్లో పిల్లలకి ఐదారేళ్లు రాగానే కాయిదా చేతికిస్తాం. అలిఫ్ మీద జబర్ పెడితే అ, కింద జేర్ పెడితే ఇ, పేష్ పెడితే ఉ. పేష్ ఉన్నచోట జబర్ చదివితే హాఫిజ్ సాబ్ ఆపి మళ్లీ చదివిస్తారు. పిల్లలు మళ్లీ చదువుతారు. ఎందుకని అడగరు. మనమూ చెప్పం. తలఫ్ఫుజ్ సరిగ్గా ఉండాలి కాబట్టి అనుకుంటాం.

అది సగం మాటే. అరబీలో పదం చివర ఉండే జబర్, జేర్, పేష్‌లు పలకడం ఎలాగో చెప్పి ఊరుకోవు. ఆ జుమ్లాలో పని చేసింది ఎవరు, ఆ పని ఎవరి మీద పడింది అన్నది కూడా అవే చెబుతాయి. దీన్నే ఇరాబ్ అంటారు. ఇరాబ్ చుట్టూ పుట్టిన ఇల్మ్ పేరు నహ్వ్. ఈ ఇల్మ్ ఎలా పుట్టింది, ఎవరు పెంచారు, మన తెలుగుతోనూ దక్కనీతోనూ దానికి ఏం తాల్లుక్ ఉంది అన్నదే ఈ వ్యాసం.

జైద్, అమ్ర్‌ల జగడం

మదర్సాలో నహ్వ్ మొదలుపెట్టిన ప్రతి తాలిబే ఇల్మ్‌కీ తెలిసిన జుమ్లా ఒకటుంది: జరబ జైదున్ అమ్రన్. జైద్ అమ్ర్‌ని కొట్టాడు. వెయ్యేళ్లకు పైగా జైద్ పాపం అమ్ర్‌ని కొడుతూనే ఉన్నాడు. ఇందులో 'జరబ' ఫేల్, అంటే క్రియ. (పరీక్షలో ఫెయిల్ కాదు!) 'జైదున్' చివర పేష్ ఉంది కాబట్టి అతను ఫాయిల్, పని చేసినవాడు. 'అమ్రన్' చివర జబర్ ఉంది కాబట్టి అతను మఫూల్, పని పడినవాడు. ఇద్దరి చోట్లూ మార్చి 'జరబ అమ్రన్ జైదున్' అన్నా దెబ్బలు తినేది అమ్రే. పేష్, జబర్ తారుమారైతే మాత్రం కొట్టినవాడు దెబ్బలు తిన్నవాడైపోతాడు.

తెలుగువాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. 'జైద్ అమ్ర్‌ని కొట్టాడు' అన్నా 'అమ్ర్‌ని జైద్ కొట్టాడు' అన్నా మానీ ఒకటే. మనకి ఆ గుర్తు 'ని'లో ఉంది, అరబ్బులకి చివరి హర్కత్‌లో ఉంది. ఇంగ్లీషులో అయితే పదాల వరుస మారితే కొట్టినవాడే మారిపోతాడు. ప్రతి జబాన్‌కీ ఫాయిల్‌ని, మఫూల్‌ని వేరుచేసి చూపించే తరీకా ఒకటి ఉంటుంది. ఏ తరీకా అన్నదే తేడా.

బస్రాలో ఒక బాప్, ఒక బేటీ

హిజ్రీ మొదటి శతాబ్దం. ఇస్లాం అరబ్ సర్‌జమీన్ దాటి ఇరాక్‌కీ, ఈరాన్‌కీ వెళ్లింది. బస్రా, కూఫాల్లో అరబ్బులతో పాటు ఫార్సీ మాట్లాడేవాళ్లు, ఇంకా రకరకాల జబాన్‌లవాళ్లు కలిసి బతికారు. అజమీలు, అంటే అరబ్బులు కానివాళ్లు, ఇస్లాంలోకి వచ్చారు. వాళ్లు అరబీ నేర్చుకున్నారు కానీ చివరి హర్కత్‌లు జారిపోయేవి. అరబ్బుల పిల్లలకీ అదే అలవాటు అంటుకుంది. ఇలాంటి గల్తీకి 'లహన్' అని పేరు.

అప్పుడు బస్రాలో ఉన్న ఆలిమ్ అబుల్ అస్వద్ అద్దుఅలీ. హజ్రత్ అలీ రజియల్లాహు అన్హు సాథీ. హి.శ. 69లో, అంటే క్రీ.శ. 688 ప్రాంతంలో వఫాత్ అయ్యారు. ఆయన గురించి ఒక రివాయత్ ఉంది. ఒక రాత్రి ఆయన బేటీ ఆస్మాన్ వైపు చూసి 'ఎంత అందంగా ఉందో ఆకాశం!' అనబోయింది. హర్కత్‌లు తప్పడంతో అది 'ఆకాశంలో ఏది అందంగా ఉంది?' అనే సవాల్ అయిపోయింది. 'దాని చుక్కలు బేటీ' అన్నారు అబ్బా. 'నేను అడగలేదు, తాజ్జుబ్ పడ్డాను' అంది. తాజ్జుబ్ పడాలంటే అక్కడి మాట ఫేల్ కావాలి, ఆకాశం దానికి మఫూల్ కావాలి, అంటే రెండింటి మీదా జబర్ రావాలి. బేటీ నోట వచ్చింది పేష్, జేర్.

ఇంకో రివాయత్ ఇంతకన్నా గంభీరమైంది. సూరా తౌబా 3వ ఆయత్‌లో అల్లాహ్‌కి ముష్రికీన్‌తో జిమ్మా లేదని, ఆయన రసూల్‌కి కూడా లేదని ఉంది. అక్కడ రసూల్ అన్న మాట మీద పేష్. ఎవరో దాన్ని జేర్‌తో చదివారు. అలా చదివితే అల్లాహ్‌కి ముష్రికీన్‌తోనూ, తన రసూల్‌తోనూ జిమ్మా లేదన్న మానీ వస్తుంది. నవూజు బిల్లాహ్! ఒక్క హర్కత్‌తో ఈమాన్ కాస్తా కుఫ్ర్ మాట అయిపోయింది. ఇది విని అబుల్ అస్వద్ వణికిపోయారని, ముస్‌హఫ్‌కి గుర్తులు పెట్టే పనికి అప్పుడే ఒప్పుకున్నారని చెబుతారు. ఒక కాతిబ్‌ని కూర్చోబెట్టి, తాను చదువుతుంటే నోటిని గమనించమన్నారట. నోరు తెరిస్తే హర్ఫ్ పైన నుక్తా, పెదాలు ముడిస్తే పక్కన, కిందికి దించితే కింద. రాత సియాహీతో కలిసిపోకుండా నుక్తాలకి వేరే రంగు. ఇవాళ్టి జబర్, జేర్, పేష్‌ల రూపం తర్వాత వచ్చింది. బునియాద్ మాత్రం ఈ నుక్తాలే.

రివాయత్‌లలో తేడాలున్నాయి. ఏది ముందు జరిగింది, ఎవరు ఎవరికి చెప్పారు అన్నదాని మీద ముహక్కికీన్ ఇవాళ్టికీ బహస్ చేస్తారు. కానీ ఒక్క సంగతి అన్నిట్లోనూ ఉంది. 'మా జబాన్‌లోకి రావద్దు' అని అజమీల్ని బయట నిలబెట్టడానికి నహ్వ్ పుట్టలేదు. వచ్చినవాళ్లకి దారి చూపించడానికి పుట్టింది.

ఈరానీ నౌజవాన్ రాసిన కితాబ్

ఆ దారిని పక్కా సడక్ చేసింది కూడా ఒక అజమీయే. షీరాజ్ దగ్గర ఫార్సీ ఖాందాన్‌లో పుట్టిన సీబవైహ్. ఆయన బస్రాకి వచ్చింది నహ్వ్ కోసం కాదు, హదీస్ కోసం. ఉస్తాద్ హమ్మాద్ బిన్ సలమా హదీస్ చెబుతున్నప్పుడు, అబూ దర్దా పేరు వచ్చేచోట సీబవైహ్ 'అబూ' అని చదివారు. అక్కడ 'అబా' రావాలి. ముందున్న 'లైస' అనే ఫేల్‌కి ఇస్మ్ లోపల దాగి ఉంది, పైకి కనబడే పేరు దానికి ఖబర్. కాబట్టి నస్బ్ రావాలి. 'లహన్ చేశావు' అన్నారు ఉస్తాద్. నలుగురిలో మాట పడ్డ ఆ నౌజవాన్, ఇక నన్ను ఎవరూ లహన్ అనలేని ఇల్మ్ నేర్చుకుంటానని ఖలీల్ బిన్ అహ్మద్ దగ్గర చేరాడట. మన షాయిర్లు ఇప్పటికీ వాడే అరూజ్‌ని తయారుచేసిన ఖలీల్ ఆయనే.

సీబవైహ్ సుమారు 796లో, నడివయసు కూడా దాటకముందే ఇంతెకాల్ అయ్యారు. ఆయన రాసిన గ్రంథానికి ఆయన పేరు కూడా పెట్టలేదు. లోకం దాన్ని 'అల్ కితాబ్' అనే పిలిచింది.

అందులో ఫేల్ గురించి ఆయన వేసిన సవాల్ సాదాగా ఉంటుంది: ఈ పని ఎంత దూరం వెళ్తుంది? కొన్ని పనులు ఫాయిల్ దగ్గరే ఆగిపోతాయి. 'అబ్దుల్లా వెళ్లాడు', అక్కడితో ఖతమ్. కొన్ని ఒక మఫూల్‌ని చేరతాయి: 'కొట్టాడు' అంటే ఎవరిని అని అడగాలి. కొన్ని రెండింటిని చేరతాయి: 'ఇచ్చాడు' అంటే ఎవరికి, ఏమిటి? కొన్ని మూడింటిదాకా వెళ్తాయి: ఫలానా మనిషి ఫలానావాడని ఇంకొకరికి తెలియజేయడం. ఆగిపోయేది లాజిమ్, దాటి వెళ్లేది ముతఅద్దీ.

రెండు మఫూల్‌లు తీసుకునే ఫేల్‌లలోనూ ఆయన ఒక బారీక్ ఫరఖ్ చూపించారు. 'ఇచ్చాడు' దగ్గర ఒక మఫూల్ చెప్పి ఇంకోటి వదిలేయొచ్చు. 'పేదవాళ్లకి ఇచ్చాడు' అంటే జుమ్లా నిలబడుతుంది. కానీ 'జైద్‌ని నీ భాయ్ అనుకున్నాడు' లాంటి చోట 'జైద్‌ని అనుకున్నాడు' అని ఆపేస్తే మాట కుంటుతుంది. ఎందుకంటే జైద్, నీ భాయ్ అనే రెండు మాటలు లోపల తమలో తాము ఒక జుమ్లా. 'అనుకున్నాడు' అనే ఫేల్ దాన్ని మొత్తంగా తీసుకుంది. ఇవాళ యూనివర్సిటీల్లో దీని మీద పేపర్లు రాస్తున్నారు. ఆయన పన్నెండు వందల ఏళ్ల కింద రాశారు.

ఫేల్ చేతుల సంఖ్యని పెంచొచ్చు కూడా. అరబీలో 'ఖరజ' అంటే బయటికి వెళ్లాడు. ముందు ఒక హమ్జా చేర్చి 'అఖ్రజ' అంటే బయటికి పంపాడు. లాజిమ్ కాస్తా ముతఅద్దీ అయింది. ఉర్దూలో ఖానా, ఖిలానా, ఖిల్వానా. తెలుగులో తిను, తినిపించు. బచ్చా తింటాడు, అమ్మీ తినిపిస్తుంది. ఒక చిన్న టుకడా చేరగానే జుమ్లాలోకి ఇంకో మనిషి వచ్చి కూర్చుంటాడు.

ఆమిల్ సాబ్ ఎవరు?

పేష్, జబర్‌లని అసలు ఎవరు తెస్తున్నారు? నహ్వీల జవాబ్: ఆమిల్. తావీజులు రాసే ఆమిల్ సాబ్ కాదు! పాత హుకూమత్‌లలో ఇలాకా మీద అధికారం ఉన్న హాకిమ్‌నీ ఆమిల్ అనేవారు. ఆ పోలిక సరిపోతుంది. జుమ్లాలో ఫేల్ హాకిమ్ లాంటిది. ఫాయిల్‌కి పేష్ ఇస్తుంది, మఫూల్‌కి జబర్ ఇస్తుంది.

1078 ప్రాంతంలో వఫాత్ అయిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ ఇలాంటి ఆమిల్‌లని లెక్కపెట్టి వంద అన్నారు. 98 లఫ్జీ, అంటే మాటలో కనబడేవి. 2 మానవీ, కనబడనివి. ఆ చిన్న కితాబే 'మిఅత్ ఆమిల్'. లక్నో ఫరంగీ మహల్‌కి చెందిన ముల్లా నిజాముద్దీన్ (వఫాత్ 1748) పేరు మీద నడిచే దర్సే నిజామీ సిలబస్‌లో అది ఇవాళ్టికీ ఉంది. మన ఊళ్ల నుంచి మదర్సాకి వెళ్లిన పిల్లాడు మొదటి ఏళ్లల్లోనే దాన్ని చేతపట్టుకుంటాడు. తర్వాత హిదాయతున్నహ్వ్, కాఫియా, షర్హె జామీ.

అందరూ తల ఊపారని కాదు. కుర్తుబాకి చెందిన ఇబ్నె మదా, అల్‌మొహద్‌ల హుకూమత్‌లో పెద్ద ఖాజీ, 1196లో వఫాత్. ఆయన నహ్వీలని రద్ చేస్తూ ఒక కితాబ్ రాశారు. మాట మాటకి పేష్ ఇవ్వడమేమిటి? మాటకి జాన్ ఉందా, ఇరాదా ఉందా? పేష్ పెట్టేది మాట్లాడే మనిషి కదా! కనబడని ఆమిల్‌లని ఊహించి, జుమ్లాలో లేని మాటలు ఉన్నాయనడం ఎంతవరకు జాయిజ్? ఇదీ ఆయన ఇతరాజ్. ఆ కితాబ్ శతాబ్దాల పాటు మరుగునపడింది. 1947లో కాహిరాలో షౌఖీ జైఫ్ దాన్ని ఛాపించాక మళ్లీ బహస్ మొదలైంది. మన ఇల్మీ విరాసత్‌లో ఇఖ్తిలాఫ్‌కి ఎప్పుడూ కుర్చీ ఉండేదనడానికి ఇదొక మిసాల్.

అల్ బిరూనీ చెప్పిన సాతవాహనుడి కథ

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. 1030 ప్రాంతంలో అబూ రైహాన్ అల్ బిరూనీ హింద్ గురించి రాసిన కితాబ్‌లో సంస్కృత వ్యాకరణం మీద ఒక బాబ్ ఉంది. అందులో పాణిని పేరు ఉంది. సాతవాహనుడి కథ కూడా ఉంది, మన దక్కన్ సాతవాహనుడే! రాజు రాణులతో కొలనులో ఆడుతూ ఒకామెతో 'నీళ్లు చల్లొద్దు' అన్నాడు. ఆ సంస్కృతం మాటలు కలిసిపోయి ఆమెకి 'మోదకం ఇవ్వు' అని వినబడ్డాయి. వెళ్లి మిఠాయి తెచ్చింది. మాటా మాటా పెరిగింది. రాజు అలిగి అన్నం మానేశాడు. చివరికి ఒక పండితుడు మహాదేవుడిని ప్రార్థించి కొన్ని వ్యాకరణ సూత్రాలు సంపాదించాడు.

ఇక్కడే బిరూనీ ఒక మాట అంటారు: ఆ సూత్రాలు అరబీకి అబుల్ అస్వద్ ఇచ్చినలాంటివని. తొమ్మిది వందల తొంభై ఏళ్ల కింద ఒక ముస్లిం ఆలిమ్ దక్కన్ రాజు కథనీ, బస్రా ఆలిమ్ కథనీ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకచోట బేటీ మాట, ఇంకోచోట రాణి చెవి. రెండుచోట్లా ఇంట్లో జరిగిన చిన్న గలత్‌ఫహమీ నుంచే ఇల్మ్ పుట్టింది.

పాణిని క్రియ చుట్టూ ఆరు కారకాలు చెప్పాడు: కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం. మన పిల్లలు తెలుగు వాచకంలో చదివే కర్త, కర్మ, క్రియ అక్కడివే. మదర్సాలో ఫాయిల్, మఫూల్, ఫేల్. స్కూల్లో కర్త, కర్మ, క్రియ. ఒకే బచ్చా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నేర్చుకుంటాడు. రెండూ దాదాపు ఒకే చోటికి చేరతాయని ఎవరైనా చెబితే ఆ రెండు చదువులూ కలుస్తాయి.

తేడా లేదని కాదు. 'రాముడిచేత రావణుడు చంపబడ్డాడు' అంటే పాణిని లెక్కలో రాముడు ఇప్పటికీ కర్తే. విభక్తి మారినా పాత్ర మారదు. అరబీ మజ్‌హూల్ జుమ్లాలో ఫాయిల్‌ని చెప్పరు. మఫూల్ వచ్చి అతని చోట పేష్ వేసుకుని కూర్చుంటాడు. అతనికి 'నాయిబె ఫాయిల్' అని పేరు. 1274లో వఫాత్ అయిన ఇబ్నె మాలిక్ వాడాక ఈ పేరు స్థిరపడింది.

పారిస్ నుంచి వచ్చిన మాట

యూరప్‌లో చాలాకాలం జుమ్లాని రెండు ముక్కలుగా చూశారు: దేని గురించి చెబుతున్నాం, ఏం చెబుతున్నాం. ఫ్రెంచ్ పండితుడు లూసియన్ తెనియేర్ దాన్ని మార్చాడు. అతను 1954లో చనిపోయాడు, కితాబ్ 1959లో వచ్చింది. జుమ్లాకి నడుమ ఉండేది క్రియే, మిగతావన్నీ దాన్ని పట్టుకుని వేలాడతాయన్నాడు. కెమిస్ట్రీలో అణువుకి ఇన్ని బంధాలని లెక్క ఉన్నట్టే క్రియకీ లెక్క ఉంటుందన్నాడు. దాన్ని వేలెన్సీ అంటారు. 'వర్షిస్తోంది' లాంటి దానికి సున్నా, 'నిద్రపోయాడు'కి ఒకటి, 'కొట్టాడు'కి రెండు, 'ఇచ్చాడు'కి మూడు.

ఇది చదివి 'చూశారా, మనవాళ్లే కనిపెట్టారు, వాళ్లు చోరీ చేశారు' అని వాట్సాప్‌లో పంపించకండి. సబూత్ లేని ఫఖ్ర్ ఇల్మ్ కాదు. పాణిని, సీబవైహ్, తెనియేర్ వేరువేరు జమానాల్లో, వేరువేరు జబాన్‌ల మీద పనిచేసి దగ్గర దగ్గర మాటలకి వచ్చారు. అంటే మనిషి జబాన్ లోపలే ఈ నిజాం ఉందన్నమాట. ఇందులో సంతోషపడాల్సింది ఇదే.

మేరెకు భూక్ లగ్రీ

'మీ ఉర్దూ గలత్' అనే మాట మన ఇళ్లల్లో వినని వాళ్లు తక్కువ. ఢిల్లీ, లక్నో ఉర్దూలో 'మైనే రోటీ ఖాయీ' అంటారు. 'నే' రాగానే ఫేల్ ఫాయిల్‌ని వదిలి రోటీ వెంట పోతుంది. రోటీ స్త్రీలింగం కాబట్టి తినేది మర్ద్ అయినా 'ఖాయీ'. మన దక్కనీలో 'మై రోటీ ఖాయా'. ఫేల్ ఫాయిల్‌తోనే నిలబడుతుంది, తెలుగులో 'నేను రొట్టె తిన్నాను' లాగే. ఇది నియమం లేకపోవడం కాదు, వేరే నియమం. 'వస్తానని చెప్పాడు'లో 'అని' ఉన్నచోట మనం 'బోల్కే' పెడతాం. 'నాకు ఆకలేస్తోంది', 'మేరెకు భూక్ లగ్రీ': రెండింట్లోనూ ఆకలి పడ్డ మనిషి ఫాయిల్ కుర్చీలో లేడు, 'కి' కుర్చీలో ఉన్నాడు. శతాబ్దాలు పక్కపక్క ఇళ్లల్లో బతికిన జబాన్‌ల రిష్తా ఇది.

అరబీ నహ్వ్‌కి ఇమామ్ అయిన సీబవైహ్‌ని కూడా ఒకరోజు లహన్ అన్నారు. ఆయన అమ్మ జబాన్ అరబీ కాదు. ఇంట్లో దక్కనీ, స్కూల్లో తెలుగు, మస్జిద్‌లో అరబీ ఉన్న మన పిల్లలు షర్మిందా కావాల్సిన పనిలేదు.

ఫాయిల్‌ని దాచడం

ఈ ఇల్మ్ కితాబ్‌లలో ఆగిపోదు. అఖ్బార్ తెరవండి. 'గొడవల్లో దుకాణాలు తగలబడ్డాయి' అని ఉంటుంది. తగలబడటం లాజిమ్. దుకాణమే ఫాయిల్, దానంతట అదే కాలినట్టు. 'తగలబెట్టారు' అంటే ఎవరో ఉన్నారని ఒప్పుకున్నట్టు. 'ఫలానావాళ్లు తగలబెట్టారు' అంటే గవాహీ ఇచ్చినట్టు. ఒక 'బడు', ఒక 'పెట్టు' మధ్యలో ఇన్సాఫ్ నిలబడి ఉంటుంది.

మన ఘర్‌లోనూ ఇదే పరీక్ష పెట్టుకోవాలి. 'ఆమెకి తలాక్ అయింది' అంటాం. అయిందా, ఒకరు ఇచ్చారా? 'కోడలితో జహేజ్ వచ్చింది' అంటాం. వచ్చిందా, మనం తీసుకున్నామా? ఫాయిల్ పేరు చెప్పడానికి నోరు రానప్పుడల్లా ఫేల్ లాజిమ్ అయిపోతుంది.

చివరిగా సూరా ఫాతిర్ 28వ ఆయత్. అక్కడ 'భయపడటం' అనే ఫేల్ తర్వాత ముందు అల్లాహ్ పేరు వస్తుంది, జబర్‌తో. ఉలమా అన్న మాట తర్వాత వస్తుంది, పేష్‌తో. భయపడేది ఉలమా: అల్లాహ్ బందాల్లో ఇల్మ్ ఉన్నవాళ్లే ఆయనకి భయపడతారని మానీ. వరుస చూసి, హర్కత్ చూడకుండా చదివితే మానీ తలకిందులవుతుంది. మీ పిల్లలు ఆ ఆయత్‌కి వచ్చినప్పుడు ఆపి అడగండి: ఇక్కడ ఫాయిల్ ఎవరు బేటా? ఆ పేష్ మీద వేలు పెట్టి చూపిస్తే, అబుల్ అస్వద్ కాతిబ్ పెట్టిన నుక్తా వాళ్లదాకా చేరినట్టే.

వల్లాహు ఆలమ్.